యుకులేలే నేర్చుకోవాలంటే: ముందు శ్రుతి, తర్వాత లయ, ఆపైనే కార్డులు

యుకులేలేకి ఉన్నవి నాలుగే తీగలు. ఒక్క వేలు పెడితే చాలు, నిండైన కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, ఒకటి పలుకుతుంది. మొదటి వారంలోనే ఏదో ఒక పాట వాయించొచ్చన్న ఆశతో చాలామంది కొంటారు. ఆ ఆశలో తప్పేమీ లేదు, నిజంగానే వాయించొచ్చు. అయినా నెల తిరక్కుండానే ఎన్నో యుకులేలేలు గోడకెక్కేస్తాయి. వేళ్లు తిరగక అలా జరుగుతుందని అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం శ్రుతి. శ్రుతి నిలవని వాయిద్యం మీద కార్డు ఎంత సరిగ్గా పట్టినా అపస్వరమే వినిపిస్తుంది. వాయించేవాళ్లు తమకి సంగీతం రాదని తేల్చేసుకుంటారు. రెండో కారణం లయ. కార్డు మారిన ప్రతిసారీ కుడిచెయ్యి ఆగిపోతే యాభై కార్డులు వచ్చినా పాట కాదు. అందుకే ఇక్కడ కార్డుల పట్టిక చిన్నదిగా, మిగతా రెండింటి సంగతి పెద్దదిగా ఉంటుంది.

కొనేముందు చూడాల్సినవి

సైజులు నాలుగు. సొప్రానో అన్నిటికంటే చిన్నది: మొత్తం పొడవు దాదాపు 53 సెంటీమీటర్లు, తీగ మోగే పొడవు 33 నుంచి 35. కాన్సర్ట్ మొత్తం 58, మోగే పొడవు 38. టెనర్ మొత్తం 66, మోగే పొడవు 43. ఈ మూడింటికీ మామూలుగా ఒకే శ్రుతి కాబట్టి కార్డులు కూడా అవే. నాలుగోది బారిటోన్. దాని శ్రుతి గిటార్‌లోని సన్నటి నాలుగు తీగల శ్రుతే. యుకులేలే పాఠాల్లో చెప్పినట్టు వేళ్లు పెడితే దాని మీద వేరే కార్డు పలుకుతుంది, అందుకని మొదటి వాయిద్యంగా వద్దు.

పెద్దవాళ్లకి కాన్సర్ట్ సరిపోతుంది. సొప్రానోలో ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా బిగించిన కమ్మీల) మధ్య చోటు తక్కువ. మూడు వేళ్లు పక్కపక్కనే పెట్టాల్సిన చోట ఇరుకవుతుంది. చిన్న పిల్లల చేతికి మాత్రం అదే కుదురుతుంది. వేళ్లు లావుగా ఉన్నవాళ్లు టెనర్ తీసుకోవచ్చు. తీగల బిగువు కొంచెం ఎక్కువ, వేళ్లు కొంచెం ఎక్కువ చాచాలి, అంతే. చెక్క గురించి మొదట్లో మరీ ఆలోచించనక్కర్లేదు. పొరలు అతికించిన చెక్కతో చేసినది గాలిలోని తేమ మార్పులకి బాగా తట్టుకుంటుంది. గట్టి చెక్కతో, అంటే పొరలు లేని ఒకే పలకతో, చేసినది బాగా మోగుతుంది గానీ జాగ్రత్తగా చూసుకోవాలి.

చెక్క కన్నా ముఖ్యమైనది అమరిక. షాపులోనే మూడు పరీక్షలు చెయ్యండి. మొదటిది: ప్రతి తీగనూ ఒకటో ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కొక్కటిగా నొక్కి మీటండి. ఎక్కడైనా జివ్వుమన్నా, మూగగా పలికినా ఆ ఫ్రెట్ దగ్గరో దాని పైదాని దగ్గరో లోపం ఉన్నట్టే. రెండోది: తీగను రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని, ఒకటో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య ఎడం చూడండి. పలచటి కాగితం దూరేంత ఉంటే మంచిది. ఎక్కువగా కనిపిస్తే నట్, అంటే మెడ చివర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ, ఎత్తుగా ఉందని అర్థం. కొత్త యుకులేలేల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. దీనివల్ల మొదటి మూడు ఫ్రెట్లలో వేళ్లు నొప్పెడతాయి, స్వరం కూడా కాస్త పైకి పోతుంది. నేర్చుకునేవాళ్ల కార్డులన్నీ ఉండేది సరిగ్గా అక్కడే.

మూడోది: ట్యూనర్ (స్వరం ఎంతలో ఉందో చూపే చిన్న పరికరం) పెట్టి తీగను ఊరికే మీటండి, తర్వాత పన్నెండో ఫ్రెట్ నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో రావాలి. అయిదారు సెంట్ల తేడా పరవాలేదు (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య ఎడంలో నూరో వంతు ఒక సెంటు). పదిహేను, ఇరవై సెంట్లు దాటితే పైకి వెళ్లేకొద్దీ కార్డులు గొడవ పెడతాయి. పన్నెండో ఫ్రెట్ మీద తీగ ఎత్తు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే శాడిల్, అంటే బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే చెక్క) మీద తీగలను ఎత్తి ఉంచే సన్నటి పలక, అడుగును అరగదీసి తగ్గించొచ్చు. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు అరగాలి, ఎందుకంటే ఆ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది. నట్ గాడులు మాత్రం సొంతంగా రాకకండి. ఒక్క గీత ఎక్కువైతే ఆ తీగ ఊరికే మీటినా జివ్వుమంటూనే ఉంటుంది. తెలిసినవాళ్ల చేత చేయించండి.

శ్రుతి చెయ్యడం

వాయిద్యాన్ని ఒళ్లో పట్టుకుంటే నేలవైపు ఉన్నది ఒకటో తీగ, ముఖంవైపు ఉన్నది నాలుగో తీగ. నాలుగో తీగ జీ, మూడోది సీ, రెండోది ఈ, ఒకటోది ఏ. ఇక్కడ తీగలను అంకెలతోనే చెబుదాం. సీని షడ్జమంగా పెట్టుకుంటే పైనుంచి కిందికి ప, స, గ, ధ అన్నమాట (అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం).

గిటార్ అలవాటున్నవాళ్లు తడబడేది నాలుగో తీగ దగ్గర. అది అన్నిటికంటే మందమైన తీగ కాదు, అన్నిటికంటే కింది స్వరం కూడా కాదు. మూడో తీగ సీ (సుమారు 262 హెర్ట్జ్) అట్టడుగున ఉంటే, నాలుగో తీగ జీ 392 దగ్గర, అంటే ఒకటో తీగ స్వరమైన 440కి కొంచెం కిందే మోగుతుంది. రెండో తీగది 330. ఈ వెనక్కి మళ్లే శ్రుతి పాత చుట్టరికం. 1879లో పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవుల నుంచి రావెన్‌స్‌క్రాగ్ అనే ఓడలో హోనోలూలూ చేరినవాళ్లలో వడ్రంగం తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లు తెచ్చిన చిన్న తీగవాయిద్యాల నుంచే హవాయిలో యుకులేలే పుట్టింది. యుకులేలే స్ట్రమ్మింగ్‌లో, అంటే తీగలన్నిటినీ కలిపి మీటడంలో, వినిపించే ఆ గలగల ఈ పైస్థాయి నాలుగో తీగ వల్లే వస్తుంది. దాన్ని ఒక స్థాయి కిందికి దించాలని చూడకండి, తీగ వదులైపోయి మోగదు. కింది జీ కావాలంటే అందుకోసం చేసిన మందమైన తీగ వేరే దొరుకుతుంది.

వాయిద్యం తలకి, అంటే బిరడాలున్న చివరకి, తగిలించే క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. అది చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది కాబట్టి గదిలో ఎవరు మాట్లాడుతున్నా పనిచేస్తుంది. ట్యూనర్‌ని గిటార్ పద్ధతిలో కాకుండా యుకులేలే లేదా క్రొమాటిక్ పద్ధతిలో పెట్టి, ఆధార స్వరం 440 అని ఉందో లేదో చూడండి. పొరపాటున బటన్ నొక్కుకుని అది 432కో 445కో మారిపోతే, మీ నాలుగు తీగలూ ఒకదానితో ఒకటి కలుస్తాయి గానీ పక్కవాళ్లతో కలవవు.

బొటనవేలితో ఒక్కో తీగనే మెల్లగా మీటి, బిరడాని కొద్దికొద్దిగా తిప్పండి. ఎప్పుడూ కింది నుంచి పైకి వచ్చి స్వరం దగ్గర ఆగాలి. స్వరం దాటి పైకి పోతే, బాగా కిందికి దించి మళ్లీ ఎక్కించండి. పైనుంచి దించుకుంటూ వచ్చి ఆపితే బిరడాలోని సడలింపు, నట్ గాడిలోని రాపిడి తర్వాత నాలుగు మీటుళ్లలో బయటపడి తీగ దిగిపోతుంది. స్వరం పేరు కనిపించేదాకా గుడ్డిగా బిగిస్తూ పోవడం ఇంకో ప్రమాదం. తీగ మరీ బిర్రుగా ఉందనిపిస్తే ఆగి, వదులు చేసి, కింది నుంచి అక్షరాలు ఎలా మారుతున్నాయో చూస్తూ రండి.

కొత్త తీగలు సాగుతాయి. మొదటి వారం పది రోజులూ అయిదు నిమిషాలకోసారి శ్రుతి దిగుతూనే ఉంటుంది. వాయిద్యం పాడైందనుకోవద్దు, నైలాన్ స్వభావమే అంత. త్వరగా కుదురుకోవాలంటే, తీగ నడుమ వేలు వేసి ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చెయ్యండి. ఒక్కో తీగకీ నాలుగైదుసార్లు చేస్తే తేడా తెలుస్తుంది. వారాలు గడిచినా దిగుతూనే ఉంటే బిరడా చివర ఉన్న చిన్న మరను పావు చుట్టు బిగించండి.

ట్యూనర్ లేనప్పుడు: మూడో తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర రెండో తీగ స్వరం వస్తుంది. రెండో తీగ మూడో ఫ్రెట్ దగ్గర నాలుగో తీగ స్వరం, అయిదో ఫ్రెట్ దగ్గర ఒకటో తీగ స్వరం. ట్యూనర్ ఉన్నా రోజుకోసారి ఇలా పోల్చి చూసుకుంటే చెవి పదునెక్కుతుంది.

పట్టుకునే తీరు

కుడి ముంజేయి వాయిద్యాన్ని పక్కటెముకలకి ఆనించి ఉంచాలి, కూర్చుంటే తొడ ఆసరా. ఎడమచెయ్యి పూర్తిగా తీసెయ్యండి. వాయిద్యం కదలకుండా ఉంటే పట్టు సరైనదే. జారితే ఎడమచెయ్యి బరువు మోస్తోందన్నమాట, ఇక అది కార్డులకి ఖాళీగా ఉండదు. నిలబడి వాయించాలంటే, ముఖ్యంగా టెనర్‌కి, పట్టీ తగిలించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

నాలుగు కార్డులు, ఒకే గొలుసు

కార్డుని నాలుగు అంకెలతో రాస్తాం, నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా. సున్నా అంటే నొక్కకుండా వదిలెయ్యడం. ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించుకోవాలి. వేలికొనను ఫ్రెట్ కమ్మీ మీద కాకుండా, దానికి సరిగ్గా వెనక, నట్ వైపు ఆనించాలి. కమ్మీకి దూరంగా నొక్కితే ఎక్కువ బలం కావాలి, జివ్వుమనే చప్పుడూ వస్తుంది.

సీ మేజర్: 0003. ఉంగరపు వేలు, ఒకటో తీగ, మూడో ఫ్రెట్.
ఏ మైనర్: 2000. మధ్యవేలు, నాలుగో తీగ, రెండో ఫ్రెట్.
ఎఫ్ మేజర్: 2010. మధ్యవేలు అక్కడే, చూపుడువేలు రెండో తీగ ఒకటో ఫ్రెట్.
జీ-సెవెన్: 0212. చూపుడువేలు అక్కడే, మధ్యవేలు మూడో తీగ రెండో ఫ్రెట్, ఉంగరపు వేలు ఒకటో తీగ రెండో ఫ్రెట్.

ఇవి ఈ వరసలోనే నేర్చుకోవాలి. ఏ మైనర్ నుంచి ఎఫ్‌కి పోతే మధ్యవేలు కదలదు. ఎఫ్ నుంచి జీ-సెవెన్‌కి పోతే చూపుడువేలు కదలదు. జీ-సెవెన్ నుంచి సీకి వచ్చేటప్పుడు ఉంగరపు వేలు అదే తీగ మీద ఒక ఫ్రెట్ ముందుకి జరుగుతుంది. మిగతా రెండు వేళ్లూ లేస్తాయి. సీ నుంచి ఏ మైనర్‌కి మాత్రం ఊతం లేదు. అందుకని సీ పట్టి ఉన్నప్పుడే మధ్యవేలిని నాలుగో తీగ మీద గాలిలో సిద్ధంగా ఉంచుకోవాలి. కార్డు మార్చేముందు ఏ వేలు ఆగుతుంది, ఏది జరుగుతుంది అని చూసుకోవడం అలవాటైతే, తర్వాత వచ్చే ప్రతి కార్డూ సగం శ్రమతో వస్తుంది.

ఎంత బలంగా నొక్కాలో ఇలా తెలుసుకోండి. సీ కార్డుకి వేలు తీగ మీద ఊరికే ఆనించి, ఒకటో తీగ మీటుతూ ఉండండి. మూగగా ఉంటుంది. మెల్లగా బలం పెంచండి. స్వరం తేటగా పలికిన క్షణంలో ఆపండి. మీకు కావలసింది అంతే. దాదాపు ప్రతి కొత్తవాళ్లూ దీనికి రెండింతలు నొక్కుతారు. దానివల్ల నొప్పే కాదు, తీగ సాగి స్వరం పైకి పోతుంది. కార్డు పట్టాక నాలుగు తీగలూ విడివిడిగా మీటి చూసుకోండి. ఏదైనా మూగపోతే పక్కవేలి కడుపు దానికి తగులుతోందేమో చూసి, వేలి కణుపులు ఇంకొంచెం వంచండి.

మార్పుల సాధనకి గడియారం పెట్టుకోండి. రెండు కార్డులు తీసుకుని, నిమిషంలో ఎన్నిసార్లు శుభ్రంగా మారగలరో లెక్కపెట్టండి. నిమిషానికి 60 దెబ్బల పాటలో నాలుగు దెబ్బలకో కార్డు మారితే, నిమిషానికి 15 మార్పులే. కాబట్టి 30 వస్తే ఆ జంట పాటకి సిద్ధం.

కుడిచెయ్యి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. మీటాల్సిన చోటు మెడ, పెట్టె కలిసే దగ్గర. శబ్దరంధ్రం మీదా, బ్రిడ్జి దగ్గరా మీటితే గరుగ్గా ఉంటుంది. చూపుడువేలు సడలించి, కిందికి వచ్చేటప్పుడు గోరు తగిలేలా, పైకి పోయేటప్పుడు వేలి కండ తగిలేలా మీటాలి. కదలిక మణికట్టు నుంచి రావాలి, తడిచేతి నీళ్లు విదిలించినట్టు. మోచెయ్యి ఊగుతుంటే వేగం పెరగగానే అలసిపోతారు. పై మీటులో నాలుగు తీగలూ తగలనక్కర్లేదు, కింది రెండు మూడు చాలు.

మొదట కార్డు వద్దు. ఎడమచేతి వేళ్లని తీగల మీద తేలిగ్గా పరిచి మూగ చెయ్యండి. మెట్రోనోమ్‌ని (లయకి దెబ్బలు వినిపించే పరికరం) 60 దగ్గర పెట్టి, ఒక్కో దెబ్బకీ ఒక కింది మీటు. కుదిరాక దెబ్బల మధ్య పై మీటు చేర్చండి. నాలుగు దెబ్బలకి ఎనిమిది మీటులు: త-క-ది-మి-త-క-జ-ణు. త, ది, త, జ కిందికి, క, మి, క, ణు పైకి. నోటితో అంటూ వాయించండి. నోరు అనగలిగినది చెయ్యి కూడా నేర్చుకుంటుంది.

యుకులేలేతో ఎక్కువగా వినే నడక దీన్నుంచే పుడుతుంది. ఎనిమిదింటిలో రెండోదీ అయిదోదీ తీగకి తగలకుండా గాలిలో పోనివ్వండి: త, (ఖాళీ), ది, మి, (ఖాళీ), క, జ, ణు. కింద, కింద-పైన, పైన-కింద-పైన అని వినిపిస్తుంది. చెయ్యి మాత్రం ఎనిమిదిసార్లూ ఊగాలి. అయిదో అక్షరం దగ్గర, అంటే మూడో దెబ్బ మీద, చెయ్యి ఆపేస్తే నడక కుంటుతుంది. ఈ నడకలో కొత్తవాళ్లు చేసే తప్పులన్నీ దాదాపు ఇక్కడివే. మూడు దెబ్బల పాటలకి తకిట అనుకుని మూడు కింది మీటులతో మొదలుపెట్టండి, అవే చాలా పాటలకి సరిపోతాయి.

ఇప్పుడు కార్డులు కలపండి. నియమం ఒక్కటే: ఎడమచెయ్యి ఆలస్యమైనా కుడిచెయ్యి ఆగకూడదు. కార్డు మారబోయే ముందు వచ్చే చివరి పై మీటు దగ్గరే ఎడమచేతి వేళ్లు లేపెయ్యండి. ఆ మీటులో ఊరికే ఉన్న తీగలు మోగుతాయి, ఎవరి చెవికీ తప్పనిపించదు. కొత్త కార్డు రెండో మీటుకి అందినా పరవాలేదు. పాడేవాళ్లు లయని పట్టుకుని పాడతారు, అది తెగితేనే ఇబ్బంది.

పాటలోకి

సీ, ఏ మైనర్, ఎఫ్, జీ-సెవెన్‌లకి డీ మైనర్ (2210) చేర్చుకుంటే సీ కుటుంబం దాదాపు నిండుతుంది. తర్వాత జీ కుటుంబం: జీ 0232, డీ 2220, ఈ మైనర్ 0432. జీ-సెవెన్‌కీ జీకీ వేళ్లు త్రికోణంలా కూర్చుంటాయి, ఒకటి తలకిందులుగా. డీ కార్డుకి మూడు వేళ్లూ ఒకే ఫ్రెట్‌లో ఇరుక్కుంటే, రెండు వేళ్లతో మూడు తీగలు నొక్కినా సరిపోతుంది. బీ-ఫ్లాట్ (3211) చాలామందిని ఆపేస్తుంది. చూపుడువేలిని నిటారుగా పరిచి గట్టిగా అదమకుండా, కాస్త పక్కకి ఒత్తిగిల్లించి గట్టిగా ఉన్న అంచుతో కింది రెండు తీగలు నొక్కండి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా తీసుకోండి. ఈ మేజర్ (4442) ఎదురైతే దానితో కుస్తీ పట్టేకంటే, మొదటి నెలల్లో పాటనే వేరే శ్రుతికి మార్చుకోవడం మేలు.

సీ కుటుంబం అంటే ఒకటి శ్రుతి. మీ గొంతుకి రెండు శ్రుతి నప్పితే రెండో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) బిగించి అవే సీ కార్డులు వాయించండి, ఒకటిన్నరకైతే ఒకటో ఫ్రెట్. గొంతు కిందికి కావాలంటే కాపో పనికిరాదు, కార్డుల కుటుంబాన్నే మార్చాలి.

విడి స్వరాలు వాయించాలంటే శంకరాభరణం మూడు ఫ్రెట్లలోనే దొరుకుతుంది. స, రి మూడో తీగ మీద 0, 2. గ, మ, ప రెండో తీగ మీద 0, 1, 3. ధ, ని, పై స ఒకటో తీగ మీద 0, 2, 3. ఆరోహణ, అవరోహణ బొటనవేలితో మీటండి. పాట పల్లవి స్వరాలు తెలిస్తే వెతుక్కుంటూ వాయించొచ్చు.

రోజుకి 15 నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. వారాంతంలో రెండు గంటలు కూర్చుంటే వేళ్లు నొప్పెడతాయి, అలవాటు పడదు. శ్రుతికి రెండు నిమిషాలు, మార్పులకి మూడు, కుడిచేతికి అయిదు, పాటకి అయిదు. వాయిద్యాన్ని సంచిలో దాచకుండా కంటికి కనిపించే చోట పెట్టుకోండి.

తేడాగా వినిపిస్తే

శ్రుతి సరిగ్గా చేసినా సీ కార్డు పుల్లగా వినిపిస్తోందా? ఉంగరపు వేలు తీగను పక్కకి లాగుతోందేమో చూడండి. అది కాకపోతే ఎక్కువగా నొక్కుతున్నారు. అదీ కాకపోతే నట్ ఎత్తు. జివ్వుమనే చప్పుడు ఒకే ఫ్రెట్ దగ్గర వస్తే దాని తర్వాతి కమ్మీ ఎత్తుగా ఉంది. ఊరికే మీటినప్పుడు మాత్రమే వస్తే నట్ గాడి లోతైంది. ఎక్కడ మీటినా వస్తే తీగల జోలికి పోకండి, బిరడా మర వదులైందేమో, బ్రిడ్జి వెనక తీగ తోక పెట్టెకి తగులుతోందేమో, లోపలి కాగితం ఊడిందేమో చూడండి.

వేలికొనలు మొదటి రెండు వారాలు మంటగా ఉండటం మామూలే. మణికట్టులోనో బొటనవేలి మొదట్లోనో నొప్పి వస్తే మాత్రం ఆపాలి. మెడ వెనక బొటనవేలితో పటకారులా బిగిస్తున్నందువల్ల వచ్చే నొప్పి అది. గట్టి చెక్క వాయిద్యాన్ని గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండేలా చూసుకోవాలి. బాగా ఎండిపోతే చెక్క కుంచించుకుని ఫ్రెట్ల అంచులు చేతికి గుచ్చుకుంటాయి, ఆపైన పగుళ్లు. ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలకండి, బ్రిడ్జి పట్టుకున్న జిగురు వేడికి మెత్తబడుతుంది.

తీగలు మార్చడం

తీగ అడుగున ఫ్రెట్లు తగిలే చోట గాట్లు చేతికి తెలిసినా, మోత మందగించినా మార్చే సమయం వచ్చినట్టే. నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ తీగలే వెయ్యాలి. ఉక్కు తీగల బిగువుకి ఈ పెట్టె తట్టుకోదు, బ్రిడ్జి ఊడి వస్తుంది.

ఒక్కసారే అన్నీ విప్పకుండా ఒక్కోటీ మార్చండి, పక్కతీగ చూసి ముడి వెయ్యొచ్చు. బ్రిడ్జికి రంధ్రాలుంటే, తీగను శబ్దరంధ్రం వైపు నుంచి వెనక్కి దూర్చి, పైకి తిప్పి తెచ్చి తీగ కిందుగా పోనిచ్చి, తోకను బ్రిడ్జి పైభాగం చుట్టూ రెండుసార్లు మెలిపెట్టండి. ఆఖరి మెలి బ్రిడ్జి వెనక అంచుకి దిగువన పడాలి, పైన పడితే బిగించగానే జారిపోతుంది. రెండో చివరను బిరడా రంధ్రంలో దూర్చి, ఒక అయిదు సెంటీమీటర్ల వదులు ఉంచి, చుట్లు ఒకదాని కింద ఒకటి పడేలా తిప్పండి. రెండు మూడు చుట్లు చాలు. ఎక్కువ చుట్లు వేస్తే అవన్నీ సర్దుకునేదాకా శ్రుతి నిలవదు. మిగిలిన తోకను వెంటనే కత్తిరించకండి. ముడి జారుతుందో లేదో ఒక రాత్రి చూసి, మర్నాడు మళ్లీ శ్రుతి చేశాక అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి.